ఖాజీగారికి పడదు

మా తమ్ముడు తలాత్ ఎవరినైనా పలకరించే ముందు వాసన చూస్తాడు. తలుపు జానెడు తెరిచి, మెడ బయటికి చాచి, చేపల దుకాణం ముందు పిల్లిలా రెండుసార్లు ముక్కు ఎగబీలుస్తాడు. ఆ తర్వాతే సలాం. ఆ ముక్కుకి మీరు నచ్చకపోతే, సొంత మేనమామైనా సరే, మసీదు ఇమామైనా సరే, తలుపు వెనక కొక్కేనికి వేలాడే తెల్లటి పొడుగు అంగీ మీద తొడుక్కుని మరీ లోపలికి రావాలి. అలాంటివి నాలుగు ఉన్నాయి మా ఇంట్లో. సబ్బు తగలకుండా ఉత్త నీళ్లలో జాడించి ఆరేసే పని నాది. జెద్దాలో అత్తరు పూసుకోకుండా గడప దాటే పెద్దమనిషిని నా డెబ్బై మూడేళ్లలో చూడలేదు, కాబట్టి మా ఇంటికి వచ్చినవాళ్లందరూ ఆ అంగీల్లోనే కూర్చుని కాఫీ తాగారు. బయటివాళ్లు చూస్తే మా హాలుని ఆస్పత్రి వార్డు అనుకోవాలి.

ఇదంతా గాజు తొట్టి కోసం. మా హాల్లో గోడ పొడుగునా ఆరడుగుల అక్వేరియం ఉంది. అందులో చేపలు ఏదో పక్కవాద్యం లాంటివి, అసలు కచేరీ పగడాలది. బతికున్న పగడాలు. మావాడు ముప్పై ఏళ్లు సముద్రపు నీళ్లని మంచినీళ్లుగా మార్చే కర్మాగారంలో పనిచేశాడు. పగలంతా అక్కడ నీళ్లలోంచి ఉప్పు తీసి, సాయంత్రం ఇంటికొచ్చి నీళ్లలో ఉప్పు కలిపేవాడు. ఒరేయ్, ఆ తీసిన ఉప్పేదో జేబులో వేసుకురారాదా అని అడిగితే, అది వేరు ఇది వేరు అని గంటసేపు చెప్పాడు. అతని భార్య చనిపోయిన ఏడాదే ఆ తొట్టి ఇంట్లోకి వచ్చింది. ఆ ఏడాదే భర్త పోయి నేనూ వచ్చాను. తల్లి లేని పిల్ల లమ్యాని నేను పెంచాను, పగడాలని అతను పెంచాడు. ఎవరి పెంపకం బాగుందో ఊళ్లో అందరికీ తెలుసు.

ఆ పగడాల్లో పెద్దది ఒకటుంది. మెదడులా ముడతలు ముడతలుగా, ఆకుపచ్చగా ఉంటుంది. పిడికెడు ముక్కగా వచ్చి, ఇరవై ఒక్క ఏళ్లలో అన్నం వార్చే మూకుడంత అయింది. కదలదు, మెదలదు, అన్నీ తెలిసి తీర్పు చెప్పబోతున్నట్టు కూర్చుంటుంది. అందుకని దానికి ఖాజీగారు అని పేరు పెట్టాను. వెటకారానికి పెట్టిన పేరు. మావాడు దాన్ని నిజంగానే మర్యాదగా పట్టుకుని, ఖాజీగారు లేచారా, ఖాజీగారు తిన్నారా అనడం మొదలుపెట్టాడు.

తొట్టి కింద నురుగు తీసే యంత్రం ఒకటి గుర్రుమంటూ ఉంటుంది. అది గదిలో గాలిని పీల్చి నీళ్లలోకి ఊదుతుందట. గదిలో అత్తరుంటే నీళ్లలో అత్తరు, గదిలో పొగుంటే నీళ్లలో పొగ. అందుకే ఈ ముక్కు కాపలా. ఒక పండగనాడు మా పినతండ్రి కొడుకు అస్అద్ వచ్చాడు. గడ్డానికి ఊద్ అత్తరు పట్టించి వచ్చాడు, మూడు వీధుల అవతలనుంచే తెలుస్తోంది. అంగీ తొడిగినా గడ్డం బయటే ఉంటుంది కదా. మావాడు ఆలోచించి, చాలా మర్యాదగా, చిన్న తువ్వాలూ చెంబుడు నీళ్లూ తెచ్చి ఇచ్చాడు.

"ఏమిటిది?" అన్నాడు అస్అద్.

"గడ్డం కాస్త కడుక్కో అన్నా. ఖాజీగారికి పడదు."

అస్అద్ చెంబు గడప మీద పెట్టి వెళ్లిపోయాడు. రెండేళ్లు మా ఇంటి వీధిలోంచి కూడా నడవలేదు.

మనుషుల వాసనల వరకైతే సర్దుకున్నాను. మస్తకీ దగ్గరే మాకు యుద్ధం. మా అమ్మ, ఆవిడ అమ్మ, అందరూ నిప్పుల మీద మస్తకీ బంక వేసి, ఆ పొగ మీద నీళ్ల గిన్నెలు బోర్లించి పెట్టేవారు. ఆ గిన్నెలో తాగిన నీళ్లే నీళ్లు. తక్కినవి ఒంటెలు తాగేవి. ఆరేళ్ల కిందట ఒక చలికాలం ఛాతీలో నెమ్ము చేరిందని నన్ను నాలుగు రోజులు ఆస్పత్రిలో పడుకోబెట్టారు. డాక్టరు ఏదో కాగితం రాసిచ్చాడు. నేను చదివింది మూడో తరగతి, అతను రాసింది కోడి గీకినట్టుంది. అక్కడే ఆస్పత్రి పరుపు కింద పెట్టేశాను. ఈ ఊరి దుమ్ముకి నా వయసులో దగ్గని ముసలిది ఉంటే చూపించండి. తీరా ఇంటికొచ్చేసరికి నా ధూపపు కుంపటి లేదు, బొగ్గు లేదు, మస్తకీ డబ్బా లేదు. ఇకనుంచి ఇంట్లో పొగ కుదరదు అక్కా, ఖాజీగారు ముడుచుకుపోతున్నారు అన్నాడు. అన్నం తినకుండా రెండు రోజులు అలిగాను. మూడో రోజు కొత్త డబ్బా కొనుక్కుని మేడ మీదికెక్కి, నీళ్ల ట్యాంకు చాటున గిన్నెలకి పొగ పట్టించుకుని, దగ్గుకుంటూ కిందికి దిగాను. మెట్ల మలుపులో ఆ ముక్కు నిలబడి ఉంది.

"అక్కా, మస్తకీ."

అంతే అంటాడు. తిట్టడు, అరవడు. ఆరేళ్లుగా నేను ఎక్కడం, దిగడం, అతను ఆ రెండు మాటలు అనడం.

ఇలా ఉండగా లమ్యాకి సంబంధం వచ్చింది. మంచి కుటుంబం, ఇరవై రోజుల్లో చూడటానికి వస్తామన్నారు. అప్పుడే మా స్నానాల గదిలో గొట్టం పగిలి, నీళ్లు గోడలోకి పాకి, హాల్లో సున్నం బొబ్బలెక్కింది. నేల పలకలు కాలు వేస్తే ఊగుతున్నాయి. ఈ ఇంట్లోకి పెళ్లివారిని ఎలా పిలుస్తాం అని లమ్యా ఏడ్చింది. దసూకీ అనే ఈజిప్టు మేస్త్రీని పిలిచాం. మనిషి మంచివాడు, నోరు ఇంకా మంచిది. చూసి, గోడలు గీకాలి, నేలంతా పెకలించాలి, పదిహేడు పద్దెనిమిది రోజులు దుమ్ములో మునుగుతారు, ఎక్కడికైనా వెళ్లిపోండి అన్నాడు.

నేను కదలనన్నాను. నేను లేకపోతే స్నానాల గదికి వాలు ఎటు పెడతారో ఎవరు చూస్తారు. హాలు మధ్యలో కుర్చీ వేసుకుని, చేతికర్ర పట్టుకుని, మొదటి పలక నుంచి చివరి పలక వరకు నా కళ్ల ముందే పడాలన్నాను. మర్నాడు పొద్దున తలాత్ నా గదికి వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. ముఖం వాడిపోయి ఉంది.

"అక్కా, ఈ పనిలో ఖాజీగారు పోతారు."

"పోతే ఇంకొకటి కొనుక్కుందువు."

"ఇరవై ఒక్క ఏళ్లు ఎక్కడ కొనను? సిమెంటు దుమ్ము ఒక్క పూట తగిలితే చాలు, తొట్టంతా పాడవుతుంది. లోపలి గది ఒకటే ఉంది, నీది. తొట్టిని ఇక్కడికి మార్చి గది మూసేద్దామని. కానీ పక్కన ఒక మనిషి ఉండాలి. కూలీలు తలుపు తీయకుండా, దుమ్ము రాకుండా, రోజంతా. నిన్ను తప్ప నేనెవరినీ నమ్మను."

అతను నన్ను అలా బతిమాలడం నేనెరగను. మరి హాల్లో నా కుర్చీ సంగతేమిటని అడిగితే, వాలు గురించి నువ్వు చెప్పినట్టే దసూకీకి చెబుతానన్నాడు. పాపం అనిపించింది. సరేనన్నాను.

తొట్టిలో నీళ్లు తోడి, బకెట్లు కిందికి దించి, తొట్టిని నలుగురు మోసి నా గదిలో పెట్టి, బకెట్లు మళ్లీ పైకి తెచ్చి నింపారు. ఆ పూట నేను లమ్యా గదిలో ఉన్నాను. నేను వెళ్లేసరికి తొట్టి మీద రెండు తడి దుప్పట్లు కప్పి ఉన్నాయి, యంత్రం గుర్రుమంటోంది. తలుపుకి బయట ఒక ప్లాస్టిక్ తెర, లోపల ఒక తడి దుప్పటి తెర, సందుల్లో అంటించిన పట్టీలు. వెనక వీధివైపు కిటికీకి పంకా బిగించి, దానికి నాలుగు మడతల గుడ్డ కట్టి, బయటి గాలిని వడబోసి లోపలికి పంపే ఏర్పాటు. ఆ గుడ్డని రోజుకి మూడుసార్లు విప్పి ఉతికాడు. నియమాలు చెప్పాడు. దుప్పటి ఎత్తకూడదు, వెలుతురు పడితే బెదురుతాయి. మేత వేయకూడదు, కొన్నాళ్లు పస్తుంటే మంచిది. కోత యంత్రం తిరుగుతుంటే తలుపు తీయకూడదు. బయటికి రావాలంటే కర్రతో మూడుసార్లు తలుపు కొట్టాలి, పని ఆగుతుంది, దుమ్ము అణిగాక నేనొచ్చి తీస్తాను.

అంటే నేను స్నానాల గదికి వెళ్లాలంటే ఏడుగురు మగవాళ్లు పని ఆపి గోడవైపు తిరిగి నిలబడాలి. ఒకరోజు నాకు కడుపు బాగోలేదు. ఆ రోజు నేల మీద మూడు పలకలే పడ్డాయి.

దసూకీ బతుకు నాకంటే అధ్వాన్నం. పలకలు ఇంట్లో కోయడానికి వీల్లేదు, మేడ మీదికి మోసుకెళ్లి నీళ్ల ధార కింద కోయాలి. కొలిచి, రెండంతస్తులు ఎక్కి, కోసి, దిగి, పెట్టి చూస్తే వేలెడు పెద్దది. మళ్లీ ఎక్కుడు. కూలీలు పొద్దున రాగానే వరసగా నిలబడితే మా తమ్ముడు ఒక్కొక్కరి చొక్కా వాసన చూసేవాడు. సిగరెట్టు తాగినవాడిని వెనక్కి పంపేవాడు, పుదీనా టీ తాగినవాడిని రానిచ్చేవాడు. వాసన వచ్చే నూనె రంగు వద్దన్నాడు, నీళ్ల రంగే వేయమన్నాడు. ఒక మధ్యాహ్నం నా తలుపు అవతల దసూకీ కూలబడి, నాకు వినపడేలా చెప్పుకున్నాడు.

"హాజ్జమ్మా, ముప్పై ఏళ్లుగా పలకలు వేస్తున్నా. రాజుగారి అతిథిగృహానికి వేశా, జైలుకి వేశా, ఆస్పత్రికి వేశా. ఆస్పత్రిలో రోగులు మంచాల మీద ఉండగానే యంత్రం తిప్పా, ఒక్కడూ ఇంత గొడవ చేయలేదు."

"చేపలు రోగుల్లా కాదు నాయనా, డబ్బు కట్టవు" అన్నాను.

నా సంగతి చెబితే, మొదటి రెండు రోజులు రాజ్యమేలినట్టుంది. మూడో రోజుకి నడుము పట్టేసింది. అవతల గోడలు గీకుతున్న చప్పుడు, ఇవతల యంత్రం గుర్రు. వారం గడిచేసరికి నా దేశమంతా ఆ నాలుగు గోడలే అయిపోయింది. మాట్లాడటానికి మనిషి లేడు. అప్పుడే ఖాజీగారితో మొదలుపెట్టాను. పేరుకి తగ్గ పని చెప్పాలి కదా. మా అత్తగారు నా పెళ్లినాటి గాజులు ఆడపడుచుకి ఇచ్చిన కేసు దగ్గర్నుంచి, అస్అద్ పెళ్లాం నా వంటకి ఉప్పు తక్కువన్న కేసు వరకు, యాభై ఏళ్ల వ్యాజ్యాలన్నీ ఆ తడి దుప్పటి ముందు విన్నవించాను. మధ్యలో ఒక్కసారి అడ్డు తగల్లేదు. అంత ఓపికగా నా మాట విన్న మగపురుగు నా జన్మలో లేదు.

మరో సంగతి. రోజూ సాయంత్రం తలాత్ రంగులు తెస్తానని వెళ్లి గంటన్నరకి వచ్చేవాడు. వచ్చినప్పుడు అతని మీద హుక్కా వాసన, ఆపిల్ పొగాకుది. ఊరందరినీ వాసన చూసే మనిషి ముసలితనంలో చాటుగా హుక్కా మరిగాడని అర్థమైంది. అడిగితే కూలీలది అంటుకుందన్నాడు. కూలీలని పొద్దున్నే ఉతికి ఆరేసినట్టు పరీక్షించేది అతనే. లోలోపల సంతోషించాను. ఇల్లు పూర్తయ్యాక నా మస్తకీకి ఇది పనికొస్తుందని దాచుకున్నాను.

పదహారో రోజు సాయంత్రం తలాత్ లేనప్పుడు ఒక కూలీ గోడకి చిల్లు పెడుతూ కరెంటు తీగ తెంపాడు. దీపం ఆరింది, పంకా ఆగింది, యంత్రం గుర్రు ఆగింది. పదహారు రోజులుగా చెవుల్లో ఉన్న చప్పుడు ఆగితే నా గుండె ఆగినట్టయింది. నీళ్లు కదలకపోతే వాటికి గాలి అందదని, ఒకట్రెండు గంటల్లో అన్నీ పోతాయని ఇరవై ఏళ్లుగా వింటున్నాను. అలాంటప్పుడు గిన్నెతో నీళ్లు తోడి ఎత్తునుంచి పోయాలి. వెలుతురికి బెదిరితే బెదురుతాయి, ఊపిరాడక పోవడం కంటే నయం అనుకున్నాను. చేతులు ఉత్త నీళ్లతో కడుక్కుని, చెంబు పట్టుకుని, దుప్పట్లు లాగేశాను.

నీళ్లు. అడుగున ఇసుక. నాలుగు బోడి రాళ్లు. ఖాజీగారు లేరు. చేప పిల్ల కూడా లేదు.

చచ్చిపోయాయి, నాకు చెప్పలేక దాచాడు అనుకున్నాను. కర్రతో తలుపు బాదాను. లమ్యా తెర తోసుకుని వచ్చింది. దుప్పట్లు నేల మీద చూసి, నా చేతిలో చెంబు చూసి, గోడకి ఆనుకుంది.

"ఎప్పుడు పోయాయే?" అన్నాను.

"పోలేదత్తా. మమ్దూహ్ మామ ఇంట్లో ఉన్నాయి. మొదటిరోజే పంపేశాడు నాన్న."

మమ్దూహ్ తలాత్‌తో కర్మాగారంలో పనిచేసినవాడు. అతనికీ ఒక తొట్టి ఉంది. ఆ తొట్టి పక్కనే కూర్చుని పొద్దస్తమానం హుక్కా తాగుతాడు. అందుకని మావాడు పదేళ్లుగా అతని గడప తొక్కలేదు. అలాంటి గదిలో ఖాజీగారిని పెట్టి వచ్చాడంటే నమ్మశక్యం కాలేదు.

"మరి నేను పదహారు రోజులుగా దేనికి కాపలా కాస్తున్నాను?"

లమ్యా నేల చూసింది. "నీకే అత్తా."

తర్వాత ఒక్కొక్కటే బయటికి వచ్చింది. ఇంకోసారి పొగగానీ దుమ్ముగానీ పడితే నా ఊపిరితిత్తులు తట్టుకోవని ఆ చలికాలమే డాక్టరు చెప్పాడట. కాగితం పరుపు కింద దొరికిందట. నాకు చెబుతానంటే తలాత్ వద్దన్నాడట. అక్కకి జబ్బుందని చెబితే, లేదని చూపించడానికి సిమెంటు బస్తా తనే మోస్తుంది అన్నాడట. నాకు కోపం వచ్చింది. అబద్ధమైతే అంత కోపం వచ్చేది కాదు. తొట్టిని గదిలో పెడితే సరిపోయేదిగా, పగడాలని ఎందుకు పంపారు అని అడిగాను. గది తలుపు నా కోసం రోజుకి ఇన్నిసార్లు తీస్తే ఎంతోకొంత దుమ్ము వస్తుంది, నన్నేమీ చేయని కాస్త దుమ్ము కూడా వాటికి విషమేనట. తీయకుండా ఉంటే నాకు కష్టమట. ఇద్దరిలో ఒకరే ఉండాలంటే నన్ను ఉంచుకున్నాడు.

"ధూపం మానిపించింది?"

"నీ కోసమే."

"మస్తకీ?"

"అదీ నీ కోసమే. ఆ యంత్రం ఇంట్లో నా చిన్నప్పటినుంచీ ఉందత్తా, అప్పుడు నువ్వు రోజూ పొగ వేసేదానివి. గుర్తులేదా?"

"అస్అద్ గడ్డం?"

లమ్యా కాస్త ఆలోచించింది. "అది మటుకు కొంత ఖాజీగారి కోసం కూడా."

నాకు దగ్గు తెర వచ్చింది. లమ్యా తన సంచిలోంచి నీలం రంగు పీల్చే మందు తీసి ఇచ్చింది. నాన్న జేబులో కూడా ఎప్పుడూ ఒకటి ఉంటుందని చెప్పింది. జేబులో గలగలమనేది చేపల మందని ఆరేళ్లుగా అనుకుంటున్నాను. పీల్చాను. దుప్పట్లు మళ్లీ కప్పమన్నాను, ఈ సంగతి నీ కడుపులోనే ఉండాలన్నాను, వెళ్లమన్నాను.

కరెంటు వచ్చేలోపే తలాత్ మెట్లన్నీ పరుగున ఎక్కి వచ్చాడు. ఆపిల్ పొగాకు వాసన ముందు వచ్చింది, మనిషి తర్వాత. చెయ్యి జేబులో ఉంది. తొట్టివైపు చూడనే లేదు.

"అక్కా, ఊపిరి..." అని ఆగి, మింగి, "ఊపిరాడుతోందా వాటికి?" అన్నాడు.

"ఆడుతోంది. ఖాజీగారు బాగానే ఉన్నారు. ఇప్పటిదాకా మాట్లాడుకుంటున్నాం."

అతను నన్ను చూశాడు, దుప్పటిని చూశాడు, మళ్లీ నన్ను చూశాడు. పంకా గుడ్డ విప్పి ఉతకడానికి పట్టుకుపోయాడు. నేను మిగిలిన రెండు రోజులూ కదలకుండా కాపలా కాశాను. స్నానాల గది వాలు మాత్రం దసూకీ నేను చెప్పినవైపే పెట్టాడు.

పని అయిపోయింది. ఇల్లు కడిగారు, ఒకసారి కాదు, నాలుగుసార్లు. తొట్టి హాల్లోకి వెళ్లింది. బకెట్లు కిందికి వెళ్లాయి, పైకి వచ్చాయి, ఈసారి నేను లమ్యా గదిలోనే కూర్చుని ఏమీ చూడనట్టు ఉన్నాను. ఖాజీగారు తన రాయి మీదికి వచ్చారు. ఒక అంచున నిమ్మకాయ చెక్కంత మేర తెల్లబడి ఉంది. గది మారినందుకు అలిగారు, పచ్చబడతారు అన్నాడు తలాత్. అంటూ ఆ తెల్లటి చోటు ఎదురుగా గాజు మీద వేలు పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. మామూలుగా ఎవరైనా గాజు మీద వేలు పెడితే ఇల్లు పీకి పందిరేసే మనిషి. అతని కాఫీలో యాలకులు కాస్త ఎక్కువ వేశాను.

పెళ్లివారు వచ్చిన సాయంత్రం గంట మోగగానే తలాత్ లేచాడు. నువ్వు కూర్చో అని నేను వెళ్లాను. తలుపు జానెడు తెరిచాను. పెళ్లికొడుకు తల్లి, ఇద్దరు చెల్లెళ్లు, వెనక చేతిలో పొగలు కక్కే ధూపపు పాత్రతో ఒక అత్త. మెడ చాచి రెండుసార్లు ముక్కు ఎగబీల్చాను. ఊద్, గులాబీ, ఇంకేదో. కొక్కెం మీది అంగీలు దించాను.

"ఏమనుకోకండి వదినగారూ. ఆ పాత్ర మెట్ల దగ్గరే పెట్టించండి, ఇవి మీద వేసుకోండి. ఖాజీగారికి పడదు."

"ఖాజీగారు ఇంట్లోనే ఉన్నారా?" అంది ఆవిడ, ముసుగు సర్దుకుంటూ.

"ఇక్కడే ఉంటారు. పాత ప్రాణం, మొండి ప్రాణం. జబ్బుందంటే ఒప్పుకోరు. ఇంట్లోవాళ్లమే కనిపెట్టుకుని ఉండాలి."

వెనక చప్పుడైతే తిరిగి చూశాను. తలాత్ తొట్టివైపు తిరిగి, అద్దంలా మెరుస్తున్న గాజుని గుడ్డతో తుడుస్తున్నాడు. చెవులు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

సంబంధం కుదిరింది. పెళ్లికొడుకు తల్లి తెల్ల అంగీలోనే కూర్చుని, ఇంత శుభ్రమైన ఇల్లు చూడలేదంది. నేను నీళ్ల పళ్లెం పట్టుకుని హాల్లోకి వస్తుంటే తలాత్ ఎదురొచ్చి ఆగాడు. మెడ ముందుకు వచ్చింది.

"అక్కా, మస్తకీ."

"ఒక్క గిన్నె రా. పెళ్లికొడుకు తల్లికి. లమ్యా చేత మేడ మీద పొగ పట్టించాను, నేను ఎక్కలేదు." పళ్లెం అతని చేతిలో పెట్టాను. "ఖాజీగారికి చెప్పకు."